ధర్మశాస్త్రము ఎందుకు? కృప ఎందుకు?

(గలతీయుల పత్రిక 3వ అధ్యాయముపై పాఠము)

చదువవలసిన వాక్యభాగములు: గలతీయులకు 3:15–29, రోమీయులకు 7:7–13, లూకా 19:1–10.



ఈ పాఠమును చదువుటకు ముందు దయచేసి మీ పరిశుద్ధ గ్రంథమును తెరచి, పైని చూపిన మూడు భాగములను నెమ్మదిగా చదువుకొనుడి. ఆ వాక్యములను నేనిక్కడ తిరిగి వ్రాయను. అవి మీ చేతిలోనే యున్నవి. వాటి భావమును మాత్రము కలిసి విచారింతము.

మన సంఘములలో తరచుగా వినబడు మాటలు రెండు కలవు. "ఇప్పుడు అంతా కృపే గదా, ఆజ్ఞల గొడవ మనకెందుకు?" అనునది మొదటిది. "నా వంటి పాపికి కృప ఎక్కడిది?" అనునది రెండవది. మొదటి మాట పలుకువాడు ధర్మశాస్త్రమును పారవేయుచున్నాడు. రెండవ మాట పలుకువాడు కృపను పారవేయుచున్నాడు. ఈ రెండు మాటలను ఒకే వారములో నేను వింటిని. రెంటికిని తప్పు జవాబే చెప్పితిని. ఒక కాపరి తన తప్పును ఒప్పుకొని పాఠము ప్రారంభించుట మేలని తోచి, ఆ సంగతి మొదట వ్రాయుచున్నాను.

రెండు ఇండ్లు

కొన్ని సంవత్సరముల క్రితము నేను పరిచర్య చేయుచుండిన ఒక గ్రామములో ఒక వృద్ధురాలు ఉండెను. ఆమె ఆదివారము తప్పక గుడికి వచ్చెడిది. పాటలు పుస్తకము లేకుండగనే పాడెడిది. కాని ప్రభువు బల్ల సిద్ధపరచిన దినమున మాత్రము ఆరాధన మధ్యలో లేచి వెళ్లిపోయెడిది. ఒక సాయంకాలము ఆమె ఇంటికి వెళ్లి కారణమడిగితిని. ఆమె చాలసేపు ఊరకుండి, తుదకు చెప్పెను.

"అయ్యగారూ, వయసులో ఉన్నప్పుడు కళ్లంలో కూలికి పోయేదాన్నండి. ఇంటికాడ పిల్లలు పస్తులున్నారని కొంగులో ధాన్యం కట్టుకొచ్చాను. ఆసామి అడిగితే నోరు మెదపలేదు. నా పక్కన పనిచేసే పిల్ల మీద నేరం పడింది. దాన్ని పనిలోంచి తీసేశారు. అది ఊరు విడిచి పోయింది. తర్వాత చచ్చిపోయిందని తెలిసింది. ఇంక ఏ మొగం పెట్టుకొని ఆ బల్ల దగ్గరకు వచ్చేదండి?"

సెమినరీలో నేర్చినదంతయు ఆ నిమిషమున మరచితిని. "అమ్మా, జక్కయ్య నాలుగింతలు తిరిగి ఇచ్చాడు గదా. నువ్వు కూడా ఆ ఆసామి ఇంటికి వెళ్లి ఒప్పుకో. ఆ పిల్ల తరపువాళ్లు ఎవరైనా ఉంటే వెదకి క్షమాపణ అడుగు. తర్వాత బల్ల దగ్గరకు రావచ్చు" అంటిని. ఆ ఆసామి మరణించి చాలకాలమైనది. ఆ పిల్ల తరపువారు ఎక్కడ నున్నారో ఎవరికిని తెలియదు. ఆ సంగతి నేను అడుగనైన లేదు. ఆమె తల వంచుకొని, "సరేనండి" అనెను. తరువాతి ఆదివారము ఆమె గుడికి రాలేదు.

అదే వారములో మా సంఘపు పెద్దలలో ఒకరి తమ్ముడు నా యొద్దకు వచ్చెను. అన్నదమ్ముల పొలములు ప్రక్కప్రక్కనే యున్నవి. ఏటేట దుక్కి దున్నునప్పుడు అన్న నడిమి గట్టును కొంచెము కొంచెముగా చెక్కి తనలో కలుపుకొనుచున్నాడని అతడు మొరపెట్టుకొనెను. నేను వెళ్లి చూచితిని. ఒకప్పుడు ఇద్దరు మనుష్యులు ఎదురెదురుగా నడువదగిన గట్టు, ఒక్క కాలు పెట్టుటకే చాలనంతగా సన్నగిల్లి యుండెను. అన్నను అడుగగా ఆయన నవ్వి, "మనిషన్నాక పొరపాట్లు ఉంటాయండి అయ్యగారూ. అందుకే గదా ప్రభువు రక్తం కార్చింది. అంతా ఆయన కృపే" అనెను.

కోతపండుగకు అందరికంటె ముందుగా ధాన్యపు బస్తాలు దింపువాడు ఆయనే. నా ఇంటి కుండలో ఉడుకు అన్నములో ఆ బస్తాల భాగము కొంత యుండెను. నేను, "అవునండి, దేవుని కృప గొప్పది" అని, ప్రార్థన చేసి, వారిచ్చిన కాఫీ త్రాగి ఇంటికి వచ్చితిని.

చూచితిరా? పగిలిన హృదయమునకు ధర్మశాస్త్రమును, రాయివంటి హృదయమునకు కృపను ఇచ్చితిని. మందులు రెండును మంచివే. రోగులను తారుమారు చేసితిని. ఈ రెంటిలో దేని పని ఏదో తెలియక, లేక తెలిసియు భయపడి, కాపరులును విశ్వాసులును ఇట్టి అపాయములో పడుచున్నారు. కాబట్టి ఈ పాఠము కేవలము పరీక్షకు చదువు పాఠము కాదు.

1. ఏది ముందు, ఏది తరువాత?

నిర్గమకాండములో సంగతులు జరిగిన క్రమమును గమనించుడి. 12వ అధ్యాయములో పస్కా గొఱ్ఱెపిల్ల వధింపబడి, దాని రక్తము ద్వారబంధములకు పూయబడెను. 14వ అధ్యాయములో ఇశ్రాయేలీయులు ఎఱ్ఱసముద్రమును దాటిరి. 16వ అధ్యాయములో మన్నా కురిసెను. 20వ అధ్యాయమునకు వచ్చిన తరువాతనే సీనాయి కొండయొద్ద పది ఆజ్ఞలు ఇయ్యబడెను. ఆ అధ్యాయములో కూడ మొదటి మాట ఆజ్ఞ కాదు. 2వ వచనము చూడుడి. దేవుడు తాను ఎవరో, దాసత్వమునుండి వారిని ఎట్లు విడిపించెనో ముందు జ్ఞాపకము చేసెను. ఆ తరువాతనే ఆజ్ఞలు పలికెను.

ఐగుప్తులో ఇటుకలు చేయుచున్న దాసుల యొద్దకు మోషే వెళ్లి, "ఈ పది ఆజ్ఞలను లోపము లేకుండ గైకొనినయెడల మిమ్మును విడిపింతును" అని చెప్పలేదు. ముందు విడిపించి, తరువాత విడిపింపబడినవారు ఎట్లు నడువవలెనో నేర్పెను. కృప ముందు, ఆజ్ఞ తరువాత.

పౌలు గలతీయులకు చెప్పునదియు ఇదియే. అబ్రాహామునకు దేవుడు వాగ్దానము చేసిన తరువాత 430 సంవత్సరములకు ధర్మశాస్త్రము వచ్చెనని 3:17లో లెక్క చెప్పుచున్నాడు. మనుష్యులు స్థిరపరచుకొనిన ఒడంబడికనే ఎవరును కొట్టివేయరని 15వ వచనములో ఉపమానము చెప్పుచున్నాడు. ఇది మన గ్రామములలో అందరికిని తెలిసిన సంగతి. తండ్రి కుమారునికి భూమి వ్రాసి యిచ్చి, దస్తావేజు రిజిస్టరు చేయించెను. చాలకాలము తరువాత, "వేకువనే లేచి పొలము వెళ్లుము, పశువులను చూచుకొనుము" అని ఆజ్ఞాపించెను. ఆ ఆజ్ఞ దస్తావేజును రద్దు చేయునా? చేయదు. ఆ కుమారుడు పశువులను మేపి భూమిని సంపాదించుకొనెనా? లేదు. అతడు కుమారుడు గనుక భూమి వచ్చెను. కుమారుడు గనుకనే ఆజ్ఞయు వచ్చెను.

2. బాలశిక్షకుడు ఎవడు?

అట్లయిన ధర్మశాస్త్రము ఎందుకు వచ్చెను? 3:19లో ఈ ప్రశ్న పౌలే వేసికొని, 24వ వచనములో దానిని బాలశిక్షకునితో పోల్చెను.

ఈ మాట వినగానే మనకు బడిపంతులో, మన పెద్దలు అక్షరములు నేర్చుకొనిన పెద్ద బాలశిక్ష పుస్తకమో జ్ఞాపకము వచ్చును. అందుచేత కొందరు, "ధర్మశాస్త్రము చిన్న తరగతి పుస్తకము, అది ముగించి సువార్త అను పెద్ద తరగతికి వచ్చితిమి" అని తలంచుచున్నారు. పౌలు చెప్పినది అది కాదు. గ్రీకు మూలములో నున్న మాట "పైదగోగోస్". దాని అర్థము పిల్లవానిని నడిపించువాడు అని. ఆ కాలమున కలిగినవారి ఇండ్లలో నమ్మకమైన ఒక దాసుని పిల్లవానికి తోడుగా నియమించెడివారు. అతడు పంతులు కాడు. పిల్లవానిని పంతులుయొద్దకు తీసికొనిపోవుటయే అతని పని. దారిలో అల్లరి చేయనీయడు, చెడ్డ సహవాసము చేయనీయడు, తప్పు చేసిన అదలించును, అవసరమైన బెత్తము తీయును. బడి వాకిట పిల్లవానిని పంతులుకు అప్పగించును. పిల్లవాడు పెద్దవాడై స్వాస్థ్యమునకు వచ్చిన దినమున అతని అధికారము ముగియును.

మన తెలుగులో "శిక్ష" అను మాటకు రెండు అర్థములున్నవి. ఒకటి నేర్పుట, రెండవది దండించుట. ధర్మశాస్త్రము ఈ రెండును చేయును. అది మంచి చెడ్డలను నేర్పును, తప్పిన వానిని దోషియని తీర్పు చెప్పును. కాని రక్షించుట మాత్రము దాని పని కాదు. రక్షకుని వాకిటి వరకు మనలను తీసికొనిపోవును. వాకిటి యొద్దనే నిలిచిపోయిన వానికి బెత్తము తప్ప మరేమియు కనబడదు. ఆ వృద్ధురాలు అన్ని సంవత్సరములు అట్లు వాకిటనే నిలిచి యుండెను. లోపలికి రమ్మని పిలువవలసిన నేనే ఆమెకు మరల బెత్తము చూపితిని.

3. ధర్మశాస్త్రము చేయు మూడు పనులు

దేవుని ధర్మశాస్త్రము వలని ప్రయోజనములు మూడని మన సంస్కర్తలు వివరించిరి. కాల్విను గారు 1559లో ముగించిన తన గొప్ప గ్రంథములో ఈ మూటిని వరుసగా చూపెను. లూథరను సంఘములవారు 1577లో వ్రాసికొనిన ఏకత్వ ప్రమాణములో మూడవ ప్రయోజనమును గూర్చి ప్రత్యేకముగా ఒక భాగము వ్రాసిరి. వాటిని మన పల్లెమాటలలో జ్ఞాపకముంచుకొందము.

మొదటిది, అది గట్టు. గట్టు లేని మడిలో నీరు నిలువదు. ఒకని నీరు మరియొకని చేలోనికి పోవును, తగవులు వచ్చును. నరహత్య, వ్యభిచారము, దొంగతనము, అబద్ధ సాక్ష్యము కూడదను ఆజ్ఞలు మనుష్యుల దుష్టత్వమునకు అడ్డుకట్ట వేసి లోకమును నిలుపుచున్నవి. భయముచేతనైనను దుష్టుడు తన చేతిని వెనుకకు తీసికొనును. ఇది హృదయమును మార్చదు గాని పొరుగువానిని కాపాడును.

రెండవది, అది అద్దము. పౌలు రోమా 7:7లో తన అనుభవమును చెప్పుచున్నాడు. పొరుగువానిది కోరరాదను ఆజ్ఞ లేనియెడల తనలో నున్న దురాశ పాపమని ఆయనకు తెలియకయే పోయెడిది. అద్దము చూచువరకు ముఖమున మసి యున్నదని ఎవరికి తెలియును? రోమా 3:20 కూడ చదువుడి. అయితే ముఖము కడుగుకొనుటకు ఎవరును అద్దమును నీళ్లవలె వాడరు. అద్దము మసిని చూపును. నీళ్లు వేరుగా నున్నవి.

మూడవది, అది బాట. క్షమింపబడినవాడు, "ప్రభువా, నిన్ను ప్రేమించుచున్నాను, నేనేమి చేయుదును?" అని అడుగును. అతడు తన తలంపు చొప్పున భక్తి కల్పించుకొన నక్కరలేదు. దేవునికి ఇష్టమైన మార్గము ముందే చూపబడియున్నది. 1563లో హైడల్బర్గు పట్టణమున ప్రచురింపబడిన ప్రశ్నోత్తరిలో ఒక విశేషమున్నది. మన దుర్దశ మనకెట్లు తెలియుననగా దేవుని ధర్మశాస్త్రమువలననే యని దాని మొదటి భాగములో చెప్పబడెను. కాని పది ఆజ్ఞల పూర్తి వివరణ అక్కడ లేదు. అది మూడవ భాగమైన కృతజ్ఞతను గూర్చిన పాఠములలో నున్నది. అనగా ఒకే ధర్మశాస్త్రము మొదట మన పాపమును చూపుచున్నది, తరువాత మన కృతజ్ఞతకు దారి చూపుచున్నది.

లూథరు గారు 1529లో వ్రాసిన చిన్న ప్రశ్నోత్తరి పది ఆజ్ఞలతోనే ప్రారంభమగును. దొంగతనమును గూర్చిన ఆజ్ఞ లూథరను లెక్కలో 7వది. చాల ఇతర ప్రొటెస్టంటు సంఘముల లెక్కలో 8వది. పొరుగువాని ధనమును మోసముచేత తీసికొనకుండుట మాత్రమే చాలదనియు, అతని ఆస్తియు జీవనమును బాగుపడునట్లు సహాయము చేయవలెననియు అందులో లూథరు గారు నేర్పెను. అట్లయిన గట్టు చెక్కకుండుటయే కాదు, తమ్ముని గట్టు వానకు తెగినప్పుడు పార పట్టుకొని పోయి వేయుట కూడ ఈ ఆజ్ఞలో చేరి యున్నది. ఈ అద్దములో చూచుకొనినయెడల మనలో ఎవరి ముఖము శుభ్రముగా నుండును?

4. ధర్మశాస్త్రము చేయలేని పని

ఆమోసు 7:7–8లో ప్రవక్త ఒక దర్శనము చూచెను. ప్రభువు చేతిలో మట్టపు గుండు పట్టుకొని గోడయొద్ద నిలిచి యుండెను. తాపీమేస్త్రీ మట్టపు గుండు వ్రేలాడదీయగానే గోడ ఎంత వంకరయో తేటగా తెలియును. గుండులో తప్పు లేదు. అయితే రోజంతయు దానిని వ్రేలాడదీసినను గోడ తిన్ననగునా? కాదు. ధర్మశాస్త్రము పరిశుద్ధమైనదని పౌలు రోమా 7:12లో ఒప్పుకొనుచున్నాడు. తప్పు దానిలో లేదు, మనలో నున్నది. గనుక అది చేయలేకపోయిన దానిని దేవుడు తన కుమారుని పంపి చేసెనని రోమా 8:3–4 బోధించుచున్నది. ధర్మశాస్త్రము మనమీద పలికిన శాపమును క్రీస్తు మ్రానుమీద తానే భరించెను. గలతీయులకు 3:13 చూడుడి.

ప్రత్యక్ష గుడారములో దేవుడు దీనికి ఒక గురుతు నిచ్చెను. నిర్గమకాండము 25:10–22 చదువుడి. మందసపు పెట్టె పొడవు 2½ మూరలు, వెడల్పు 1½ మూర. ఆజ్ఞల పలకలను అందులో ఉంచిరి. దాని మీద నుంచవలసిన కరుణాపీఠము కొలత ఎంత? అదియు పొడవు 2½ మూరలు, వెడల్పు 1½ మూర. పెట్టె ఎంతో మూతయు అంతే. ధర్మశాస్త్రమును బయట పారవేయలేదు, లోపల భద్రము చేసిరి. కాని దానిని కరుణాపీఠము పూర్తిగా కప్పెను. ప్రాయశ్చిత్త దినమున ప్రధాన యాజకుడు రక్తమును ఆ కరుణాపీఠము మీదను దాని యెదుటను ప్రోక్షించెను (లేవీయకాండము 16:14–15). రోమా 3:25లో క్రీస్తును గూర్చి పౌలు వాడిన గ్రీకు మాట, హెబ్రీయులకు 9:5లో కరుణాపీఠమునకు వాడబడిన మాటయే. ఆజ్ఞ మనమీద ఎంత నేరము మోపునో, దానినంతటిని కప్పుటకు ప్రభువు రక్తము చాలును. ఒక్క అంగుళమైనను కప్పబడక మిగిలిపోదు.

5. కృప ఆజ్ఞను కొట్టివేయునా?

ఈ ప్రశ్న క్రొత్తది కాదు. లూథరు గారి దినములలోనే, ఆయన స్నేహితుడును శిష్యుడునైన యోహాను అగ్రికోలా, క్రైస్తవులకు ధర్మశాస్త్రమును ప్రకటింప నక్కరలేదనియు, సువార్తవలననే పశ్చాత్తాపము కలుగుననియు బోధించెను. 1537 మొదలుకొని లూథరు గారు ఆ బోధతో వాదించి, 1539లో దానికి విరోధముగా ఒక పుస్తకమే ప్రకటించెను. క్రియలవలన రక్షణ లేదని లోకమంతటికి చాటిన ఆ మనుష్యుడే, ఆజ్ఞలను సంఘములోనుండి త్రోసివేయ వద్దని పోరాడెను. ఎందుకనగా రోగము తెలియనివాడు వైద్యుని పిలువడు.

కృప విస్తరించునట్లు పాపము చేయుదమా అను ప్రశ్నను రోమా 6:1–2లో పౌలు గట్టిగా త్రోసివేసెను. తీతుకు 2:11–12 ప్రకారము కృప కూడ మనకు నేర్పునదే. భక్తిహీనతను విడిచిపెట్టుటకు అది మనలను శిక్షణ చేయును. పాత నిబంధనలో రాతిపలకల మీద నున్న ధర్మశాస్త్రమును మనుష్యుల హృదయములమీద వ్రాయుదునని దేవుడు యిర్మీయా 31:33లో వాగ్దానము చేసెను. పలక మారినది గాని వ్రాత మారలేదు.

ఇప్పుడు జక్కయ్య సంగతి చూతము. నేను ఆ వృద్ధురాలితో దానిని తలక్రిందులుగా చెప్పితిని. లూకా 19లో ఏది ముందు జరిగెను? జక్కయ్య ఒక్క కాసైనను తిరిగి ఇయ్యకముందే ప్రభువు అతనిని పేరు పెట్టి పిలిచి, అతని ఇంట బస చేయుదుననెను. ఆ తరువాతనే జక్కయ్య లేచి నిలువబడి తన తీర్మానము చెప్పెను. అతడు చెల్లించి కృపను కొనుక్కొనలేదు. కృప ఇంటిలోనికి వచ్చుటచేత సంచి విప్పెను.

ఎంత విప్పెనో లెక్క చూడుడి. తనంతట తాను తప్పు ఒప్పుకొనినవాడు అసలును, దానిలో అయిదవ వంతును కలిపి ఇయ్యవలెనని సంఖ్యాకాండము 5:6–7 చెప్పుచున్నది. అనగా 100 రూపాయలకు 120 ఇచ్చిన ధర్మశాస్త్రము తృప్తిపడును. గొఱ్ఱెను దొంగిలించి అమ్మినవాడో చంపినవాడో అయితే ఒకదానికి నాలుగు ఇయ్యవలెను (నిర్గమకాండము 22:1). జక్కయ్య తానే ఒప్పుకొనినను, దొంగకు విధింపబడిన నాలుగంతలను తనకు తానే విధించుకొనెను. 120 చాలినచోట 400. అది గాక ఆస్తిలో సగము బీదలకు. కృప క్రిందికి వచ్చినవాడు ధర్మశాస్త్రముకంటె తక్కువ చేయునని ఎవరు చెప్పగలరు?

6. తిరిగి ఆ రెండు ఇండ్లకు

నా తప్పు తెలిసిన తరువాత ముందు ఆ వృద్ధురాలి ఇంటికి వెళ్లితిని. "అమ్మా, ఆ రోజు నేను చెప్పింది తప్పు. నన్ను క్షమించు" అంటిని. ఆమె ఆశ్చర్యపడెను. లూకా 23లో సిలువమీద నున్న దొంగ కథ చదివితిని. అతని చేతులు రెండును మేకులకు బిగింపబడి యున్నవి. ఎవరికి ఏమి తిరిగి ఇయ్యగలడు? అయినను ప్రభువు అతనిని ఆ దినముననే చేర్చుకొనెను.

ఆమె ఒక మాట అడిగెను: "మరి ఆ పిల్ల సంగతో అయ్యగారూ?"

ఇది సులభమైన ప్రశ్న కాదు. "ఆ పిల్లకు జరిగిన అన్యాయాన్ని దేవుడు మరచిపోలేదమ్మా. ఆమె పక్షాన ఉన్నవాడు ఆయనే. నువ్వు తీర్చలేని ఆ అప్పును తన మీద వేసుకొన్నవాడు కూడా ఆయనే. రెండూ ఆ సిలువ దగ్గరే ఉన్నాయి" అని మాత్రము చెప్పగలిగితిని. ఆమె చాలసేపు ఏడ్చెను. తరువాతి నెలలో ప్రభువు బల్లయొద్ద మోకరించెను.

అంతటితో ఆగలేదు. కొన్ని వారములకు స్త్రీల కూటములో ఎవరును అడుగకుండగనే లేచి, ఆ పిల్ల పేరు చెప్పి, "అది దొంగ కాదమ్మా. దొంగను నేను. దాని పేరు చెడగొట్టింది నేను" అని అందరి యెదుట ఒప్పుకొనెను. ఆ పిల్లను ఎరిగిన ముసలివారు ఇద్దరు ముగ్గురు ఇంకను అక్కడ నుండిరి. ధాన్యము తిరిగి ఇయ్యలేకపోయెను గాని చనిపోయిన దాని మంచి పేరును తిరిగి ఇచ్చెను. అన్ని సంవత్సరముల భయము ఆమెచేత చేయింపలేని పనిని కృప కొన్ని వారములలో చేయించెను.

రెండవ ఇంటికి వెళ్లుట నాకు కష్టముగా నుండెను. ద్వితీయోపదేశకాండము 19:14ను, 27:17ను ఆ పెద్దతో కలిసి చదివితిని. "అన్నగారూ, ప్రభువు రక్తం మీ పాపానికి చాలుతుంది. కాని దాన్ని గట్టు చెక్కడానికి సెలవుచీటీగా వాడుకోవద్దు. తమ్ముని మన్ను తమ్మునికి ఇచ్చేదాకా మీరు బల్ల దగ్గరకు రావద్దు" అంటిని. ఆయనకు చాల కోపము వచ్చెను. ఆ కోతపండుగకు బస్తాలు రాలేదు. ఆయన కూడ రాలేదు. మా ఇంట ఆ సంవత్సరము కొంత ఇబ్బంది కలిగినది. నేను సరిగా చేసితినా అని అనేక రాత్రులు ఆలోచించితిని.

మరుసటి వేసవిలో, తొలకరికి ముందు, ఆ అన్నదమ్ములు సర్వేయరును పిలిపించి కొలిపించుకొనిరని వింటిని. నేను వెళ్లి చూచునప్పటికి అన్నయే పార పట్టుకొని గట్టు వేయుచుండెను. నన్ను చూచి, "ఇది నా సంగతి కాదనుకున్నానండి ఇన్నాళ్లూ" అని మాత్రము అనెను. అన్నదమ్ముల మధ్య మాటలు వెంటనే పూర్తిగా కలిసినవని చెప్పలేను. కాని ఆ నెల బల్లయొద్ద ఇద్దరును మోకరించిరి.

మనకు అన్వయము

ప్రియులారా, ఈ పాఠమును చదివి, "ఇది ఫలానా వానికి బాగుగా తగును" అని తలంపవద్దు. నేడు నాకు ఏది అవసరమని ఎవరికి వారే అడుగుకొనవలెను.

నీవు చెక్కిన గట్టు ఏదైన నున్నదా? తప్పు తూకము, ఎగవేసిన అప్పు, ఆపిన కూలి, తోబుట్టువుకు ఇయ్యని వాటా, పొరుగువాని మీద వేసిన నింద, ఇట్టిది తీర్చగలిగి యుండియు తీర్చక, "కృప" అను మాటతో కప్పుకొనుచున్నావా? నీకు నేడు కావలసినది ధర్మశాస్త్రము. ఆ అద్దమునుండి ముఖము త్రిప్పుకొనకుము. అది నిన్ను సిగ్గుపరచి ప్రభువునొద్దకు తీసికొనిపోవును.

లేక నీవు తీర్చలేని అప్పు క్రింద నలిగిపోవుచున్నావా? పాపమును ఒప్పుకొని, ద్వేషించి, ఏడ్చి, అయినను వాకిటనే నిలిచి యున్నావా? నీ విషయములో బాలశిక్షకుడు తన పని చేసెను. ఇక లోపలికి రమ్ము. బల్ల వేసినవాడు నిన్ను ఎరిగియే పిలుచుచున్నాడు.

కూటములలో ఆలోచించుటకు ప్రశ్నలు

1. నిర్గమకాండములో విడుదల ముందు, ఆజ్ఞలు తరువాత వచ్చుటవలన మనము నేర్చుకొనవలసినది ఏమి?

2. ధర్మశాస్త్రము గట్టు, అద్దము, బాట. ఈ మూటిలో మన సంఘము దేనిని ఎక్కువగా మరచినది?

3. జక్కయ్య చెల్లించినది రక్షణకు వెలయా, రక్షణకు ఫలమా? వాక్యములోనుండి చూపుడి.

4. తిరిగి చెల్లింప శక్తి లేనివానితోను, శక్తి యుండియు మనస్సు లేనివానితోను మనము ఒకే విధముగా మాటలాడవచ్చునా?

ప్రార్థన

పరిశుద్ధుడవైన తండ్రీ, నీ ఆజ్ఞలు న్యాయమైనవి. వాటిలో మా ముఖములను చూచుకొనుటకు మాకు ధైర్యము నిమ్ము. మేము తీర్చగలిగిన వాటిని తీర్చుటకు మనస్సు నిమ్ము. మేము తీర్చలేని వాటిని నీ కుమారుని సిలువయొద్ద విడిచిపెట్టుటకు విశ్వాసము నిమ్ము. వాక్యమును బోధించువారికి మనుష్యుల ముఖమును చూచి భయపడని హృదయమును, నలిగినవారిని గాయపరచని నోటిని దయచేయుము. యేసు నామమున అడుగుచున్నాము తండ్రీ. ఆమేన్.